వెతుక్కున్నవారికి వెతుక్కున్నంత

మా విశ్వవిద్యాలయం పేరు చెప్పను. చెబితే మీరు దరఖాస్తు పెట్టుకుంటారు, పెట్టుకుంటే అది నా బల్ల మీదికే వస్తుంది. అనకాపల్లిలో బస్సెక్కి ఒక కునుకు తీస్తే వచ్చే ఊరని మాత్రం అనుకోండి. నా పేరు పట్నాయకుని జోగారావు. పరిశోధన విభాగంలో సూపరింటెండెంటుని. మా విభాగంలో పరిశోధన తప్ప మిగతావన్నీ సవ్యంగా జరుగుతాయి.

ఇంజనీరింగుకీ సైన్సుకీ కలిపి ఏటా పన్నెండు పీహెచ్‌డీ సీట్లకి ఢిల్లీ నుంచి ఫెలోషిప్ నిధులు వస్తాయి. ఇదివరకు పేపర్లో ప్రకటన వేసేవాళ్లం. ఊళ్లో ఇంజనీరింగు చదివినవాళ్లంతా వచ్చి వరసలో నిలబడేవారు. ఎవరికీ న్యాయం జరిగేది కాదు గానీ అందరికీ రసీదు మాత్రం ఇచ్చేవాళ్లం. ఎవరూ కొట్టుకోకుండా బండి నడిచిపోయేది.

ఇలా ఉండగా కొత్త వీసీగా ఆచార్య వేదగిరి తారకేశ్వర్లు గారు వచ్చారు. వస్తూనే ఏదో కొండ మీద వారం రోజుల నాయకత్వ శిక్షణకి వెళ్లారు. మనిషి వెళ్లినట్టే తిరిగొచ్చారు గానీ, ఒక ఆలోచన వెంటబెట్టుకొచ్చారు. మర్నాడే మీటింగు పెట్టారు.

"రిజిస్ట్రారు గారూ, రీసెర్చ్ అంటే ఏమిటి?"

మా రిజిస్ట్రారు కొయ్యాన గవర్రాజు గారు ఏ ప్రశ్నకీ సొంత జవాబు చెప్పి ఎరగరు. "తమరు సెలవిచ్చినట్టే సార్" అన్నారు.

"నేనింకా సెలవివ్వలేదు."

"ఇచ్చాక అలాగే సార్."

"రీసెర్చ్ అంటే అన్వేషణ! వెతకడం!" అని వీసీ గారు బల్ల గుద్దారు. "మనం చేస్తున్నదేమిటి? సీట్లు ఫలానా చోట ఉన్నాయని పేపర్లో వేసి, వెబ్‌సైట్లో పెట్టి, ఆఖరి తేదీతో సహా చెప్పి, జ్ఞానార్థిని సోమరిపోతుని చేస్తున్నాం. తన సీటు తాను వెతుక్కోలేనివాడు సృష్టి రహస్యాలు ఏం వెతుకుతాడయ్యా? ఇకమీదట ఫెలోషిప్ సీట్లు ప్రకటించం. దాస్తాం."

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అజెండాలో అంశం లేదు.

సాయంత్రానికల్లా 'స్థాన గోపన విధానం' అనే సర్క్యులర్ నా చేతే టైపు చేయించారు. శాఖల పేర్లు చెక్కి పావలా కాసంత ఇత్తడి బిళ్లలు పన్నెండు చేయించాలి. ఒక్కో బిళ్ల ఒక్కో సీటు. ఒక్కో శాఖ తన బిళ్లని ఆవరణలో ఎక్కడైనా దాచాలి. దాచినవారు ఆ చోటు ఎవరికీ చెప్పరాదు, రాసి ఉంచరాదు, నిద్రలో కలవరించరాదు. చెప్పినా, కావాలని చూపించినా ఆ సీటు రద్దు. బిళ్ల ఎవరికి దొరికితే సీటు వారిదే. ఆ చివరి వాక్యం కింద వీసీ గారు స్వయంగా ఎర్ర సిరాతో గీత గీశారు.

శాఖలవారు ఉత్సాహంగా దాచారు. ఫిజిక్సు వారు తమ బిళ్లని గాలి తీసేసిన ఉక్కు పెట్టెలో పెట్టి మూత బిగించారు, ఆ మూత మళ్లీ రాలేదు. సివిల్ వారు కట్టుబడిలో ఉన్న సెమినారు హాలు గోడలో పెట్టి ప్లాస్టరింగు చేయించేశారు. ఏ గోడో తెలిసిన మేస్త్రీ మస్కట్ వెళ్లిపోయాడు. జువాలజీ వారు ఆవరణలో తిరిగే ఊరకుక్క మెడకి కట్టారు. జీవశాస్త్రంలో సీటు జీవి మీదే ఉండాలట. మ్యాథ్స్ ప్రొఫెసరు గారు బిళ్ల ఎక్కడైనా ఉండవచ్చునని బోర్డు మీద రుజువు చేసి, దాన్ని జేబులో వేసుకుని రిటైరైపోయారు. అందరికంటే తెలివైనవారు మెకానికల్ వారు. లైబ్రరీలో, నడిమధ్య బల్ల మీద, బహిరంగంగా పెట్టేసి వచ్చారు. ఇప్పటికీ అక్కడే ఉందని వినికిడి.

కెమికల్ ఇంజనీరింగు హెడ్డు గారు సెలవులో ఉన్నారు. ఆ బిళ్ల దాచే భారం నా మీద పడింది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని రెండు రోజులు తిరిగాను. మూడో రోజు నూకరత్నం అనే అమ్మాయి వచ్చింది.

జోరు వాన పడుతోంది. గొడుగు మడిచి మూల పెట్టి, చంకలో ఉన్న గోనెసంచిని ముందు తుడిచి, తరవాత మొహం తుడుచుకుంది. పూర్తి పేరు మళ్ల నూకరత్నం, ఎంటెక్, కెమికల్. వాళ్ల నాన్న చెరుకు పండించి బెల్లం వండుతాడు. సంచిలో మూడు బెల్లం దిమ్మలున్నాయి.

"ఇదేమిటమ్మా?"

"నమూనాలండి. జతపరిచేవేవైనా మూడు ప్రతులుండాలని మీరే పెట్టారు కదండి నోటీసు బోర్డులో." కుర్చీ చూపించకుండానే కూర్చుంది. "ఎండాకాలం వండిన బెల్లం వానాకాలానికి నీరు కారిపోతుంది సారూ. ధర వచ్చేదాకా దాచుకుందామంటే దిమ్మ దిమ్మలాగుండదు, పాకమైపోతుంది. నిరుడు మా నాన్న సగం సరుకు గేదెలకి పెట్టేశాడు. ఏటి చేస్తే కారదో కనిపెట్టాలండి. ఒకటి సంచిలో, ఒకటి ఒట్టిగా, ఒకటి కాగితంలో ఉంచి, దేనికెంత చెమ్మ పడుతుందో చూడాలి. ఫెలోషిప్ సీటు దొరికితే నాలుగేళ్లు అదే పని మీదుంటాను. ఎక్కడున్నాయండి ఖాళీలు?"

"దాచామమ్మా."

"ఏటి దాచారండి?"

"ఖాళీలు."

ఆ పిల్ల నా మొహంలోకి కాసేపు చూసింది. నేను వేళాకోళమాడే మనిషిని కానని అర్థమయ్యాక సర్క్యులర్ అడిగి తీసుకుని రెండుసార్లు చదివింది. "మార్చిలోపు దొరక్కపోతే నేను ఆగలేనండి. ఒక కార్పొరేట్ కాలేజీవాళ్లు కెమిస్ట్రీ చెప్పడానికి రమ్మన్నారు. ఏప్రిల్ ఒకటిన చేరాలి. అక్కడ చేరితే తెల్లారినకాడ్నుంచి స్టడీ అవర్లే, ఇంక బెల్లం సంగతి అంతే" అంది. ఆ మాట తేలిగ్గా అనాలని చూసింది.

నమూనాలు పెట్టే ఇనప బీరువాకి రెండు తాళాలు. ఒకటి నా దగ్గర, ఒకటి రిజిస్ట్రారు గారి దగ్గర. ఇద్దరం కలిసి తెరిచాం. ఒక దిమ్మ సంచిలోనే ఉంచాను. ఒకటి అరలో ఒట్టిగా పెట్టాను. మూడోదానికి కాగితం కావాలి కదా, వీసీ గారి ఫొటో అచ్చేసిన 'అన్వేషణ' అనే రంగుల బ్రోషర్లు గుట్టలుగా పడి ఉంటే రెండు తీసి చుట్టాను. రిజిస్ట్రారు గారు ఫోనులో మాట్లాడుతూ అటు తిరిగినప్పుడు నాకు బుర్రలో తళుక్కుమంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో దరఖాస్తుకి జతపరిచినదాన్ని విప్పి చూసిన అధికారిని నేను చూడలేదు. ప్రపంచంలో అంతకంటే భద్రమైన చోటు లేదు. సంచిలో దిమ్మ అప్పటికే మెత్తబడి ఉంది. బిళ్లని బొటనవేలితో లోపలికి నొక్కి, పైన నున్నగా రాసేశాను.

ఆ వారం నుంచీ మా ఆవరణ తిరనాళ్లయిపోయింది. ఏ చెట్టు మొదట్లో చూసినా గొయ్యి. ఏ గొయ్యిలో చూసినా ఎంటెక్. గేటు ఎదురుగా గునపాలు అద్దెకిచ్చే దుకాణం వెలిసింది. దాని పక్కన 'వెతుకులాట క్రాష్ కోర్సు, గతంలో దొరకని చోట్ల మెటీరియల్ ఉచితం' అని బోర్డు కట్టారు. కుక్కల వెనక పరిగెత్తే కుర్రాళ్లని చూసి జువాలజీ వారు ఆనందబాష్పాలు రాల్చారు. తీరా ఒకరోజు మునిసిపాలిటీ బండి వచ్చి కుక్కలన్నిటినీ పట్టుకుపోయింది, సీటుతో సహా.

క్రమశిక్షణ కోసం 'వెతుకులాట పాసు' పెట్టారు. గైడు ఒప్పుకున్నట్టు కాగితం తెస్తేనే పాసు. బిళ్ల చేతిలో ఉంటేనే గైడు ఒప్పుకోవడం. నూకరత్నం ఈ గదికీ ఆ గదికీ మధ్య రెండు వారాలు తిరిగి నా దగ్గరకొచ్చింది. "గైడు గారేమో ముందు సీటు తెచ్చుకో అంటున్నారండి. మీరేమో ముందు గైడుని తెచ్చుకోమంటున్నారు. మేకని తెస్తే గడ్డి వేస్తాం, గడ్డి తెస్తే మేకనిస్తాం అన్నట్టుంది సారూ."

ఫైలు రిజిస్ట్రారు గారికి పంపాను. ఆయన మూడు రోజులు ఆలోచించి దారి కనిపెట్టారు. గైడు తాను ఒప్పుకోలేదని స్వహస్తాలతో రాసిచ్చిన లేఖ తెస్తే తాత్కాలిక పాసు ఇవ్వవచ్చును. ఆ లేఖ దొరకడం సులువే. పాసు మీద గడువు ఏం రాయాలని అడిగితే వీసీ గారు, "అన్నీ ఇంగ్లీషు తేదీలేనా? 'ఈ తెలుగు సంవత్సరాంతం వరకు చెల్లును' అని రాయండి" అన్నారు. రాశాను. అందులో తప్పేముందని అప్పుడు అనుకున్నాను.

అందరూ తవ్వుతుంటే ఆ పిల్ల మాత్రం పదిరోజులకోసారి నా గదికి వచ్చి నా ఎదుట కూర్చునేది. ఆమె వీపు వెనకే బీరువా.

"సారూ, నా బెల్లం ఒక్కసారి చూడనిస్తారా? ఏ దిమ్మ ఎంత చెమ్మ పట్టిందో తూచి రాసుకోవాలండి. వానాకాలం పోతే మళ్లీ ఏడాది ఆగాలి."

"ముందు సీటు వెతుక్కోమ్మా. అందరూ ఎంత కష్టపడుతున్నారో చూడు."

"వెతుకుతానండి. ఇది చూసుకున్నాక వెతుకుతాను."

అసలు సంగతేమిటంటే, ఆ పిల్ల తన పని తాను చేసుకుంటే చాలు, సీటు చేతికి తగులుతుంది. సంచి విప్పి దిమ్మ తిరగేస్తే అయిపోయింది. చెబితే సీటు రద్దు. చూపిస్తే రద్దు. తనంతట తాను చూడాలి. 'అభ్యర్థి తన బెల్లం చూడగోరుచున్నది, అనుమతించవచ్చునా' అని ఫైలు పెట్టాను. 'ఏ నిబంధన కింద?' అని తిరిగొచ్చింది. 'నిబంధన లేదు' అని పెట్టాను. 'నిబంధన లేనప్పుడు అభ్యర్థన ఎట్లు వచ్చినది?' అని వచ్చింది. చివరికి వీసీ గారి దాకా వెళ్లింది. 'జతపరచినవి విశ్వవిద్యాలయ ఆస్తి. చూచుట, తాకుట, తూచుట నిషిద్ధం. అభ్యర్థులు బెల్లం వంటి విషయములపై కాక అన్వేషణపై దృష్టి నిలుపవలెను' అని ఎర్ర సిరాతో రాశారు. అది చదివి వినిపించిన రోజు నాకు నిజంగా ఒళ్లు మండింది. మండినా వినిపించాను, అది నా ఉద్యోగం.

శీతాకాలం వచ్చింది. ఒక్క బిళ్లా దొరకలేదు. వీసీ గారు విలేఖరుల్ని పిలిచారు. "మా దగ్గర ప్రవేశం పొందినవారి శాతం ఎంతో తెలుసా? సున్నా! ఇంతకంటే కఠినమైన ప్రమాణాలున్న విశ్వవిద్యాలయం భూమండలం మీద ఉంటే చూపించండి" అన్నారు. విలేఖరులు చప్పట్లు కొట్టి జీడిపప్పు తిని వెళ్లారు. మర్నాడు పక్క జిల్లాల వీసీలు ముగ్గురు మా సర్క్యులర్ కాపీ పంపమని ఫోను చేశారు.

ఫిబ్రవరిలో ఢిల్లీ నుంచి ఉత్తరం దిగింది. సీట్లు భర్తీ అయినట్టు వినియోగ ధ్రువపత్రం మార్చి ముప్పై ఒకటి లోపు పంపాలి. కనీసం ఒక్క సీటైనా భర్తీ కాకపోతే నిధులు వెనక్కి, వచ్చే మూడేళ్లూ ఇంకేమీ రాదు. వీసీ గారి కొత్త అతిథిగృహం ఆ నిధుల వడ్డీ మీదే లేస్తోంది.

"తీయించండి బిళ్లలు" అన్నారు వీసీ గారు.

"దాచినవారు చెప్పకూడదు సార్. చెబితే రద్దు. తమరి సర్క్యులరే" అన్నారు రిజిస్ట్రారు గారు.

"అయితే వెతికించండి."

"ఎవరిచేత సార్?"

వీసీ గారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ఆయన మొహంలో కొండ మీది వెలుగు కనబడింది. "పోగొట్టుకున్న పరిశోధన స్థానాలను వెతికే విధానం మీద ఒక ప్రత్యేక పరిశోధన ప్రాజెక్టు పెడదాం. దానికొక ఫెలోషిప్ సీటు. పదమూడోది. ఆ స్కాలరు తక్కినవన్నీ కనిపెడతాడు!"

పదిరోజులు గడిచాయి. ఆ పదమూడో సీటుకి దరఖాస్తులు ఎప్పుడు పిలుస్తారని రిజిస్ట్రారు గారిని అడిగాను.

"పిలవడమేమిటయ్యా? నిబంధన ప్రకారం దాచేశాం."

"ఎక్కడండీ?"

ఆయన నన్ను అనుమానంగా చూసి, "చెప్పకూడదు" అన్నారు. అటూ ఇటూ చూసి, చిన్న గొంతుతో, "గుర్తూ లేదు" అన్నారు.

నూకరత్నం అప్పటికి బాగా చిక్కిపోయింది. ఆ వారం వచ్చి, "కాలేజీవాళ్లు హాస్టల్ గది కూడా చూపించేశారండి. మంచానికీ గోడకీ మధ్య కాలు పెట్టే చోటు లేదు. బెల్లం ఎక్కడ పెడతాను?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఇంక నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ ఏడు ఉగాది సరిగ్గా మార్చి నెలాఖరులో, పద్దులు మూసేముందు వచ్చింది. మా దగ్గర ఉగాదికి సెలవు, కాని ఉగాది వేడుకకి హాజరు తప్పనిసరి. గునపాలకీ పలుగులకీ ఖర్చుపెట్టేయడంతో పచ్చడికి బెల్లం కొనే పద్దు మిగల్లేదు. నేను వెంటనే ఫైలు పెట్టాను. బీరువాలో విశ్వవిద్యాలయ ఆస్తి అయిన బెల్లం ఉన్నది, వాడవచ్చునా? వీసీ గారు 'పొదుపు ప్రశంసనీయం' అని రాశారు. చూచుట, తాకుట, తూచుట నిషిద్ధం గానీ తినుటకు నిషేధం లేదు. అభ్యర్థి వచ్చి పచ్చడికి బెల్లం కొట్టకూడదని కూడా ఏ సర్క్యులరూ చెప్పదు.

ఆ పిల్లకి కబురు పెట్టాను. "ఉగాది పొద్దున్నే ఎనిమిదికల్లా రామ్మా. పచ్చడికి బెల్లం కొట్టాలి."

"నేనెందుకండి?"

"బెల్లం గురించి నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? నీ చేత్తోనే కొట్టాలి. వేరేవాళ్ల చేత కొట్టించకు." అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువంటే సీటు రద్దు. ఆ పిల్ల నా మొహం చూసింది, తల వెనక్కి తిప్పి బీరువాని చూసింది. లేచి వెళ్తూ గొడుగు మరిచిపోయి మళ్లీ వచ్చి తీసుకెళ్లింది.

ఉగాది పొద్దున రిజిస్ట్రారు గారూ నేనూ తాళాలు తీశాం. సంచితో ఉన్న దిమ్మని పట్టుకెళ్లి వంటగదిలో పెట్టి, అటెండరు సింహాచలాన్ని పిలిచి, "నేనొచ్చేదాకా దీన్ని ముట్టుకోకు" అని గట్టిగా చెప్పాను. ఎనిమిదైంది. ఎనిమిదిన్నరైంది. నూకరత్నం జాడ లేదు. గేటు దగ్గరికి పరిగెత్తాను.

గేటు బయట నిలబడి ఉంది, కొత్త చీరలో, చేతిలో చిన్న రోకలిబండతో. వాచ్‌మన్ అడ్డంగా నిలుచున్నాడు.

"పాసు గడువైపోనాది బాబూ. తెలుగు సమచ్చరం నిన్నటితో సరి. ఇయాల కొత్త సమచ్చరం. ఇది సెల్లదు."

"ఆవిడ వచ్చేది వెతకడానికి కాదయ్యా, పచ్చడి చెయ్యడానికి!"

"పచ్చడికి పాసు నేదు కదా బాబూ."

నా చేత్తో నేను టైపు చేసిన గడువు అది. అక్కడే, గేటు బల్ల మీద, కొత్త సంవత్సరానికి కొత్త పాసు రాశాను. దానికి ఫొటో కావాలన్నాడు. పాత పాసు మీది ఫొటో గీకి తీసి అంటించాం. ముద్ర కావాలన్నాడు. ముద్ర నా గదిలో ఉంది. పరిగెత్తి తెచ్చాను. యాభై దాటిన మనిషిని, పండగ పంచెలో పరిగెత్తాను, నా పెళ్లిలో కూడా అంతలా పరిగెత్తలేదు.

ఇద్దరం వంటగదిలోకి వెళ్లేసరికి గోనెసంచి ఖాళీగా గచ్చు మీద పడి ఉంది.

"సింహాచలం! బెల్లం ఏదిరా?"

"ఈసీ బాబు గారు మూర్తం దాటిపోతందని తొందర పెట్టీసినారు. రిజస్ట్రారు గారు కానీమన్నారు. ఇంక ఏటి కొట్టేది బాబూ, లోపలంతా నీరుకారి ముద్దయిపోనాది. అలగే నీళ్లలో ఏసి కలిపీసాను." గిన్నె అడుగున బిళ్లకి గరిటె గీరిన చప్పుడు నాకు వినబడ్డట్టే అనిపించింది. "అడుగునున్న సిక్కటిది పెద్దోలికి పోసీసినాను. మరియాద కదా."

హాల్లోకి వెళ్లాం. వేదిక మీద వీసీ గారు వెండి గ్లాసు ఎత్తి పట్టుకుని, షడ్రుచుల్లో వెతుకులాటకున్న స్థానం గురించి మాట్లాడుతున్నారు. విలేఖరులు కెమెరాలు ఎత్తారు. ఆయన గ్లాసు వంచి గటగటా తాగి, చివర్లో మామిడి ముక్క అనుకుని ఒకటి గట్టిగా కొరికారు.

ఆ చప్పుడు వెనక వరసకి కూడా వినబడింది.

వీసీ గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంగారు. లేచేసరికి అరచేతిలో రెండున్నాయి. ఒకటి ఇత్తడి బిళ్ల, ఒకటి పన్ను. ఆయనకి కిళ్లీ అలవాటు, అందుచేత ఏది ఏదో పోల్చడానికి కొంచెం సేపు పట్టింది.

రిజిస్ట్రారు గారు బిళ్లని వెలుతురులో తిప్పి చూశారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన సొంతంగా ఒక మాటన్నారు. "దొరికింది సార్! సీటు! కెమికల్ ఇంజనీరింగు!"

"ఎవరికి?" అన్నారు వీసీ గారు రుమాలు నొక్కుకుంటూ.

"తమరికే సార్. 'బిళ్ల ఎవరికి దొరికితే సీటు వారిదే.' కింద గీత కూడా తమరే గీశారు."

"నాకు పీహెచ్‌డీ ఉందయ్యా!"

"రెండోదానికి అడ్డమని ఎక్కడా లేదు సార్. పైగా..." రిజిస్ట్రారు గారు చెవి దగ్గరికి వంగారు గానీ మైకు పనిచేస్తూనే ఉంది. "రేపటితో మార్చి అయిపోతుంది సార్. అతిథిగృహం స్లాబ్ దాకా వచ్చింది."

వీసీ గారు ఆలోచించారు. నెమ్మదిగా నిటారుగా నిలబడ్డారు. "జ్ఞానార్థికి వయసుతో పని లేదు" అని ప్రకటించారు. పన్ను లేకపోవడం వల్ల మాటకి ముందు ఈల వచ్చింది. హాలంతా చప్పట్లు.

నా పక్కన నూకరత్నం రోకలిబండ పట్టుకుని అలాగే నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కిందకి రానివ్వలేదు. నడుచుకుంటూ వేదిక ముందుకెళ్లి రిజిస్ట్రారు గారిని అడిగింది. "సారూ, బెల్లం మాది. బీరువా మీది. పన్ను ఆయనది. మరి సీటు ఎవరిదండీ?"

"పన్ను ఎవరిదైతే వారిదేనమ్మా. నిబంధన స్పష్టంగా ఉంది" అన్నారు రిజిస్ట్రారు గారు.

సాయంత్రం వీసీ గారు ఆ పిల్లని గదిలోకి పిలిపించారు. నేనూ ఉన్నాను. "చూడమ్మాయ్, నా పరిశోధన విషయం బెల్లం అని నిర్ణయమైంది. దొరికింది అందులోనే కదా. నాకు వ్యవధి తక్కువ. నువ్వు ప్రయోగాలు చేసిపెడితే అనుభవ ధ్రువపత్రం ఇప్పిస్తాను. వేతనం ఉండదు, ప్రేరణ ఉంటుంది."

"నా మిగతా రెండు దిమ్మలు నాకిచ్చేయండి సార్" అంది నూకరత్నం.

"అవి విశ్వవిద్యాలయ ఆస్తి!"

ఆ పిల్ల బయటకొచ్చేసింది. నేను వెనకే వచ్చాను. పచ్చడి హడావుడిలో నా గదిలోని బీరువాకి తాళాలు వేయడం ఇద్దరం మరిచిపోయాం. ఏ ఫైలూ పెట్టలేదు, ఎవరి సంతకమూ తీసుకోలేదు. తలుపు బార్లా తెరిచి, "తీసుకో" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు వానాకాలం నుంచి ఉగాది దాకా పట్టింది. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

ఒట్టిగా పెట్టిన దిమ్మ అరంతా కారి, అట్ట కట్టి, చీమల ఊరైపోయింది. మూడోదాన్ని తీసి ఆ పిల్ల బ్రోషరు విప్పింది. విప్పి, గబుక్కున కింద కూర్చుంది. దిమ్మ వండిన రోజు ఎలా ఉందో అలాగే, గట్టిగా, పొడిగా ఉంది. గోరుతో గీకింది. వాసన చూసింది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. ఒక పక్క వీసీ గారి ఫొటో ఉన్న నున్నటి పూత, రెండో పక్క గరుకు.

"ఈ కాగితం ఏటి సారూ?"

"వీసీ గారి 'అన్వేషణ' బ్రోషరమ్మా. ఎవరూ చదవరు."

"ఇవి ఇంకా ఉన్నాయా?"

"గది నిండా ఉన్నాయి."

మొదటిసారిగా ఆ పిల్ల పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. ఆ రాత్రి బస్సుకి దిమ్మతో పాటు నాలుగు కట్టల బ్రోషర్లు ఎక్కించాను. చెత్త తీసేయించినట్టు రాసుకున్నాను. అది అబద్ధమూ కాదు.

నిధులు ఆగలేదు. ఒక సీటు భర్తీ అయినట్టు ధ్రువపత్రం వెళ్లింది. వీసీ గారు ఇప్పుడు మా దగ్గర రీసెర్చ్ స్కాలరు. తన హాజరు మీద తానే సంతకం పెట్టుకుంటారు, తన సెలవులు తానే మంజూరు చేసుకుంటారు. గైడు మాత్రం ఇంకా దొరకలేదు, ఆయనకి వెతుకులాట పాసు లేదు. ఆరు నెలల ప్రగతి నివేదికలో 'వెతుకుచున్నాను' అని ఒక్క ముక్క రాస్తే కమిటీ 'అత్యుత్తమం' అని రాసింది.

నూకరత్నం ఏప్రిల్ ఒకటిన కాలేజీలో చేరింది. చేరక తప్పలేదు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఖాళీ అట. ఆ ఆదివారాల్లోనే, మంచం కింద, తన పని తాను చేసుకుంది. వాళ్ల నాన్న ఆ వానాకాలం గేదెలకి బెల్లం పెట్టలేదు. ఊళ్లో మరో పదిమంది కూడా ఆ కాగితం కావాలని వచ్చారట. సంగతి పేపర్లో నాలుగు వాక్యాలు పడేసరికి మా రిజిస్ట్రారు గారు నోటీసు పంపారు. 'పరిశోధన స్థానము లేకుండా ఫలితము కనుగొనినందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

సంజాయిషీ పార్శిల్లో వచ్చింది. బయట ధారగా వాన, లోపల వీసీ గారి ఫొటోలో చుట్టిన బెల్లం దిమ్మ, ఎముకలా గట్టిగా. పైన చిన్న చీటీ ఉంది. 'సారూ, వీసీ గారి మొహం బయటికుంటేనే కాగితం పనిచేస్తుంది. మొహం లోపలికి పెడితే బెల్లం నీరు కారిపోతోంది. రెండు రకాలుగా చేసి చూశాను. నూకరత్నం.'

ఫైలులో జతపరచవలసినది. కాని జతపరిస్తే మళ్లీ ఆ బీరువాలోకే వెళ్తుంది. గది తలుపు వేసుకుని, ఒక ముక్క విరిచి, పళ్లు జాగ్రత్తగా చూసుకుంటూ నెమ్మదిగా తిన్నాను.